వెయ్యి లెక్కలు చేసినా రాని ఫిజిక్స్

ఫిజిక్స్‌లో వెనకబడ్డ పిల్లలకు మన ఇళ్ళలో దొరికే సలహా ఒక్కటే: ఇంకా ఎక్కువ ప్రాబ్లమ్స్ చెయ్యి. కాలేజీలో లెక్చరర్ అదే చెబుతారు, ట్యూషన్ మాస్టారు అదే చెబుతారు, నిరుడు మంచి ర్యాంకు తెచ్చుకున్న మేనమామ కొడుకూ అదే చెబుతాడు. చాప్టర్ అయ్యేసరికి వందల కొద్దీ బిట్లు, వారం తిరిగేసరికి టెస్టు, నెల తిరిగేసరికి గ్రాండ్ టెస్టు. ఫార్ములాలన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకో. మోడల్ గుర్తుపట్టు. విలువలు వెయ్యి. కీతో సరిచూసుకో. తప్పయితే సొల్యూషన్ చూసి తర్వాతి దానికి పో. ఇలా వెయ్యి చేస్తే ఫిజిక్స్ దానంతటదే వస్తుందని, రాలేదంటే ఆ వెయ్యీ చాలలేదని మనం గట్టిగా నమ్ముతున్నాం.

ఈ నమ్మకం తప్పు. కొంత తప్పు, కొంత ఒప్పు అని సర్దుకుపోయే రకం తప్పు కూడా కాదు. లెక్క చేయడమంటే ఏమిటన్న మొదటి అడుగులోనే మనం దారి తప్పాం. ఇంటికి ఇచ్చిన లెక్క విలువ దాని జవాబులో లేదు, ఎన్ని చేశామన్నదాంట్లో అంతకన్నా లేదు. ఫార్ములా రాయకముందు విద్యార్థి తీసుకునే నిర్ణయాల్లో ఉంది. ఇక్కడ ఏం జరుగుతోంది? ఏ వస్తువు సంగతి నేను చూడాలి? దాన్ని ఏవేవి తోస్తున్నాయి, ఏవేవి లాగుతున్నాయి? ఏది మారకుండా ఉంది? దేన్ని పట్టించుకోనక్కర్లేదు? చివరికి వచ్చిన జవాబు నమ్మదగ్గదేనా? మన హోంవర్కు ఈ ప్రశ్నలన్నింటినీ పిల్లల చేతుల్లోంచి లాగేసుకుని, మిగిలిన గుణకారాలూ భాగహారాలూ వాళ్ళకు వదిలిపెడుతోంది. ఫిజిక్స్ ఉన్న భాగాన్ని తీసేసి మిగతాది నూరుసార్లు చేయిస్తే ఫిజిక్స్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక చిన్న లెక్క తీసుకుందాం. ఇంటర్ పిల్లలకైనా, ఇంజనీరింగ్ మొదటి ఏడాది వాళ్ళకైనా నేను తరచూ ఇచ్చే లెక్క ఇది. 20 డిగ్రీల వాలు తలం మీద 5 కిలోల దిమ్మ కదలకుండా నిలిచి ఉంది. స్థైతిక ఘర్షణ గుణకం 0.5. దిమ్మ మీద పనిచేస్తున్న ఘర్షణ బలం ఎంత?

తరగతిలో చాలామంది తడుముకోకుండా రాసే జవాబు 23 న్యూటన్లు. ఘర్షణ అనగానే మ్యూ ఎన్. ఎన్ అంటే ఎమ్‌జీ కాస్ థీటా. 0.5ను 49తో, దాన్ని 0.94తో గుణిస్తే 23. గుణకారంలో పొరపాటు లేదు. ఫార్ములా పుస్తకంలో ఉన్నదే. జవాబు మాత్రం తప్పు. దిమ్మను వాలు వెంట కిందికి లాగుతున్నది దాని బరువులో ఒక భాగం. 49ని సైన్ 20తో గుణిస్తే అది 16.8 న్యూటన్లు వస్తుంది. కిందికి 16.8 లాగుతుంటే ఘర్షణ పైకి 23 న్యూటన్లతో లాగితే, ఎవరూ ముట్టుకోకుండానే ఆ దిమ్మ వాలు ఎక్కి పైకి పోవాలి. ఆ మాట బోర్డు దగ్గర అనేదాకా ఆ 23లో ఉన్న విడ్డూరం ఎవరికీ తట్టదు. తెలివితక్కువ పిల్లలా అంటే కానే కాదు. జవాబును మళ్ళీ దిమ్మ దగ్గరికి తీసుకెళ్ళి పెట్టి చూడమని వాళ్ళకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. జవాబును కీ దగ్గరికి తీసుకెళ్ళడమే వాళ్ళకు నేర్పాం.

నిలిచి ఉన్న వస్తువు మీద బలాలు సరితూగాలి. కాబట్టి ఘర్షణ 16.8 న్యూటన్లు. మ్యూ ఎన్ అనేది ఘర్షణ ఎంతవరకు పెరగగలదో చెప్పే హద్దు. ఇప్పుడు ఎంత ఉందో అది చెప్పదు. ఇచ్చిన 0.5తో పని, ఆ దిమ్మ అక్కడ నిజంగా నిలబడగలదా అని సరిచూసుకోవడానికి తప్ప, ఇంకెక్కడా లేదు. ఇచ్చిన ప్రతి అంకెనూ ఎక్కడో ఒకచోట వాడి తీరాలన్న అలవాటు వల్లే పిల్లలు దాన్ని పట్టుకుని పరుగెత్తారు.

ఇప్పుడు అదే లెక్కను వదలకుండా ఇంకో అడుగు వేయండి. వాలును 20 నుంచి 25 డిగ్రీలకు పెంచితే ఘర్షణ పెరుగుతుందా, తగ్గుతుందా? మ్యూ ఎన్ పట్టుకున్నవాళ్ళు తగ్గుతుందంటారు, కోణం పెరిగితే కాస్ తగ్గుతుంది కనుక. నిజానికి పెరుగుతుంది. కిందికి లాగే బలం 20.7 న్యూటన్లకు పెరిగింది, దిమ్మ ఇంకా నిలిచే ఉంది, అంటే ఘర్షణ కూడా అంతే అయింది. ఇలా ఎంతదాకా? 26.6 డిగ్రీల దాకా. అక్కడ హద్దు, అవసరం రెండూ కలుస్తాయి. దాని తర్వాత దిమ్మ జారుతుంది. దిమ్మ బరువు 5 కిలోలు కాకుండా 50 కిలోలైతే ఆ కోణం మారుతుందా? మారదు. ఎందుకు మారదు? ఈ ఒక్క లెక్క మీద గంట గడిపిన విద్యార్థికి ఘర్షణ గురించి తెలిసినది, ఇదే చాప్టర్‌లో అరవై బిట్లు టిక్కు పెట్టిన విద్యార్థికి తెలియదు. నేను చూసిన తరగతుల్లో ఇది మళ్ళీ మళ్ళీ రుజువైంది.

నా అనుభవం ఒక్కటే చాలదంటారా, సరే. ఈ సంగతిని పట్టుదలగా పరిశీలించినవాళ్ళు ఉన్నారు. దక్షిణ కొరియా కూడా మనలాగే ప్రవేశ పరీక్షల చుట్టూ తిరిగే దేశం. అక్కడి ఇద్దరు పరిశోధకులు, కిమ్, పాక్, యూనివర్సిటీలో చేరిన ఫిజిక్స్ విద్యార్థులను పరిశీలించి 2002లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో ఒక పత్రం ప్రచురించారు. ఆ విద్యార్థుల అంచనా ప్రకారమే వాళ్ళు చేసిన లెక్కలు కనిష్ఠంగా 300, గరిష్ఠంగా 2900, సగటున 1500 వరకు. ఫార్ములాలు వాడటంలో, గణితంలో వాళ్ళకు పెద్ద ఇబ్బంది లేదు. యాంత్రికశాస్త్రపు మూల భావనల్లో మాత్రం అందరికీ తెలిసిన పాత అపోహలే వాళ్ళలోనూ ఉన్నాయి. చేసిన లెక్కల సంఖ్యకూ అర్థమైనదానికీ చెప్పుకోదగ్గ సంబంధమే కనిపించలేదు. మన కోచింగ్ హాళ్ళన్నీ ఏ నమ్మకం మీద నడుస్తున్నాయో సరిగ్గా దాన్నే వాళ్ళు పరీక్షకు పెట్టారు. అది నిలబడలేదు.

అంతకు ముందు హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్‌కు ఎదురైనదీ ఇదే. తన విద్యార్థులు కఠినమైన లెక్కలు బాగా చేస్తున్నారు కాబట్టి తన బోధన బాగుందని ఆయన అనుకునేవారు. గుణకారం అక్కర్లేని ప్రశ్నలు ఇచ్చి చూశారు. వరసగా కలిపిన మూడు బల్బుల్లో ఒకదాని రెండు కొనలనూ స్విచ్‌తో కలిపేస్తే మిగతా బల్బుల వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా, అలాంటివి. పెద్ద సర్క్యూట్‌కు సమీకరణాలు రాసి కరెంటు కట్టి చూపిన పిల్లలు ఈ బల్బుల దగ్గర చతికిలబడ్డారు. ఆ తర్వాత ఆయన తన తరగతి నడిపే తీరునే మార్చుకున్నారు. ప్రశ్న వేసి, విద్యార్థులు పక్కపక్కన కూర్చుని ఒకరికొకరు వాదించి నచ్చజెప్పుకునేలా పాఠం నడిపారు. 1997లో దాని మీద పుస్తకం రాశారు.

లెక్కను చూసే చూపులోనే తేడా ఉందని 1981లో చీ, ఫెల్టోవిచ్, గ్లేజర్ అనే పరిశోధకులు చూపించారు. ఫిజిక్స్ లెక్కలు కొన్ని కార్డుల మీద ఇచ్చి, ఒకే రకానివి ఒక కుప్పగా వేయమన్నారు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు వాలు తలం ఉన్నవన్నీ ఒక కుప్ప, స్ప్రింగులున్నవన్నీ ఒక కుప్ప వేశారు. ఫిజిక్స్‌లో పండినవాళ్ళు శక్తి నిత్యత్వంతో తేలేవి ఒక కుప్ప, న్యూటన్ రెండో నియమంతో తేలేవి ఒక కుప్ప వేశారు. మన స్టడీ మెటీరియల్ తెరిచి చూడండి. వాలు తలం మోడల్, లిఫ్ట్ మోడల్, కప్పీ మోడల్, పడవ మోడల్. కొత్తవాళ్ళు పొరపాటున వేసే కుప్పలనే మనం అచ్చు వేసి, బైండింగ్ చేసి, డబ్బు తీసుకుని అమ్ముతున్నాం.

ఎదుటివాళ్ళ వాదనల్లో బలమైనది అభ్యాసం. సాధన లేకుండా ఏ విద్యా రాదంటారు, వేమన పద్యాన్ని సాక్ష్యానికి తెస్తారు. సాధన అక్కర్లేదని నేను అనడం లేదు. దేన్ని సాధన చేస్తున్నామన్నదే నా ప్రశ్న. శ్రుతి వినకుండా పాడే పిల్ల రోజూ నాలుగు గంటలు పాడితే ఆమెకు అపస్వరమే స్థిరపడుతుంది. దాన్ని తర్వాత వదిలించడం కొత్తగా నేర్పడం కంటే కష్టం. ఘర్షణ అనగానే మ్యూ ఎన్ రాయడం నూటయాభై సార్లు చేసిన విద్యార్థి విషయంలో జరిగేది అదే. ప్రశ్నలో ‘నిలిచి ఉంది’ అన్న మాట వాళ్ళ కంటికి ఆనదు, చెయ్యి అప్పటికే ఫార్ములా రాసేసి ఉంటుంది. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో ఆ చేతిని ఆపడానికే మాకు సగం సెమిస్టర్ పోతోంది.

సాధన కావాలి. బొమ్మ గీయడం సాధన చేయాలి. బలాలకు బాణాలు వేయడం, వేసిన ప్రతి బాణానికీ ‘ఇది దేని వల్ల?’ అని జవాబు చెప్పుకోవడం సాధన చేయాలి. అంకెలు వేయకముందే జవాబు సుమారుగా ఎంతుండాలో ఊహించడం, అక్షరాలతోనే చివరిదాకా వచ్చి అప్పుడు విలువలు వేయడం, కోణం సున్నా చేస్తే ఏమవుతుంది, తొంభై చేస్తే ఏమవుతుంది అని పరీక్షించుకోవడం సాధన చేయాలి. గణితవేత్త జార్జ్ పోల్యా 1945లో వచ్చిన తన పుస్తకంలో లెక్క చేయడాన్ని నాలుగు దశలుగా చెప్పాడు: సమస్యను అర్థం చేసుకోవడం, దారి ఆలోచించడం, ఆ దారిన నడవడం, వెనక్కి తిరిగి చూసుకోవడం. మన దగ్గర మూడోది తప్ప మిగతా మూడూ నోట్సులో కనిపించవు. మార్కులు కూడా దానికే.

ఇక అందరూ అనే మాట, పరీక్ష. ‘సార్, మీరు చెప్పేది బానే ఉంది, ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నిమిషం పైన కొన్ని సెకన్లు, అక్కడ బొమ్మలు గీస్తూ కూర్చుంటే ర్యాంకు ఎవరిస్తారు?’ తల్లిదండ్రుల భయం నాకు తెలుసు. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టిన తండ్రి ముందు కూర్చుని ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి ఆ పరీక్ష హాల్లోనే మాట్లాడుకుందాం. దిమ్మ లెక్కనే అక్కడ పెట్టండి. నాలుగు ఆప్షన్లలో 23 తప్పకుండా ఉంటుంది. పేపర్ తయారుచేసేవాళ్ళు తప్పుదారిన వచ్చే జవాబును ఆప్షన్లలో పెట్టే తీరతారు. ‘నిలిచి ఉంది’ అన్న మాట చదివి ఆగిన విద్యార్థికి ఒక్క గుణకారం చాలు, పది సెకన్ల పని. మోడల్ గుర్తుపట్టిన విద్యార్థి రెండు గుణకారాలు చేసి తప్పు ఆప్షన్ పెడతాడు. జేఈఈ మెయిన్‌లో అయితే అక్కడ ఒక మార్కు చేజేతులా పోగొట్టుకుంటాడు కూడా. వేగం అర్థం నుంచే పుడుతుంది. అనవసరమైన పని మానేయగలగడమే వేగం, ఏది అనవసరమో తెలిసినవాళ్ళకే అది సాధ్యం.

చివరి రెండు మూడు నెలలు గడియారం పెట్టుకుని బిట్లు చేయాలంటే చేయనివ్వండి, దానితో నాకు పేచీ లేదు. కొన్ని షార్ట్‌కట్లు పనికొస్తాయని కూడా ఒప్పుకుంటాను, అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసి వాడితే. మూడు గంటల పరీక్ష కోసం రెండేళ్ళ చదువు మొత్తాన్ని ఆ మూడు గంటల పోలికలోనే నడపడం దగ్గరే నా అభ్యంతరం. జూన్‌లో న్యూటన్ నియమాలు మొదటిసారి వింటున్న పదహారేళ్ళ పిల్లను జూలైలోనే నిమిషానికో బిట్ చొప్పున పరుగెత్తించడం వల్ల ఆమెకు వచ్చేది ఫిజిక్స్ కాదు, ఫిజిక్స్ అంటే భయం.

ర్యాంకు వచ్చి ఇంజనీరింగ్‌లో చేరాక ఈ పెంపకం ఎక్కడ తేలుతుందో మెటీరియల్ సైన్స్ తరగతిలో కళ్ళారా చూస్తాం. అక్కడ ఫార్ములాలు తక్కువ. ఉన్నవి కూడా సులభమైనవి. అయినా పిల్లలు అక్కడే ఎక్కువ తడబడతారు, వస్తువును చూసి మాట్లాడాల్సిన సబ్జెక్టు కాబట్టి.

మొదటి వారంలో ఇచ్చే లెక్క రాగి సాంద్రత. పరమాణు వ్యాసార్థం 0.128 నానోమీటర్లు, ముఖకేంద్రిత ఘనం, ఒక్కో యూనిట్ సెల్‌లో నాలుగు పరమాణువులు, పరమాణు భారం 63.55. ఘనం అంచు 0.362 నానోమీటర్లు వస్తుంది. అక్కడి నుంచి సాంద్రత ఘనసెంటీమీటరుకు 8.9 గ్రాములు రావాలి, కొలిచి చూసిన విలువకు చాలా దగ్గరగా. కంటికి కనపడని పరమాణువుల కొలతల నుంచి మన ఇంట్లో రాగి చెంబు బరువు తేలడం చిన్న సంగతి కాదు. జవాబు పత్రాల్లో నేను పదేపదే చూసే జవాబు మాత్రం 8.9 ఇంటూ పది టు ద పవర్ ఆరు. నానోమీటరును సెంటీమీటరు చేసేటప్పుడు పది టు ద పవర్ మైనస్ ఏడు రాయాల్సిన చోట మైనస్ తొమ్మిది రాసి, దాన్ని ఘనం చేశారు. పొరపాటు ఎవరైనా చేస్తారు. నన్ను బాధపెట్టేది ఆ జవాబు చుట్టూ స్కేలు పెట్టి గీసిన డబ్బా. దాని ప్రకారం బొటనవేలి కొసంత రాగి ముక్క దాదాపు తొమ్మిది టన్నుల బరువుండాలి. ఆ విద్యార్థి రోజూ రాగి తీగ చేత్తో పట్టుకున్నవాడే, కాగితం మీది రాగి ఆ రాగేనని అనుకోలేదు.

దాని తర్వాతి లెక్క నాకు మరీ ఇష్టమైనది. గది వేడిలో ఇనుము పరమాణువులు అంతఃకేంద్రిత ఘనంగా అమరి ఉంటాయి. 912 డిగ్రీల సెల్సియస్ దాటితే ముఖకేంద్రిత ఘనంగా మారతాయి. మొదటి అమరికలో పరమాణువులు నింపే చోటు 68 శాతం, రెండోదాంట్లో 74 శాతం. ఏ ఇనుములో కార్బన్ ఎక్కువ కరుగుతుంది? ఖాళీ ఎక్కువున్న దాంట్లో, అంటే 68 శాతం దాంట్లో అని తరగతి ముక్తకంఠంతో అంటుంది. అసలు సంగతి తలకిందులు. ముఖకేంద్రిత ఇనుములో కార్బన్ 1147 డిగ్రీల దగ్గర 2.14 శాతం దాకా కరుగుతుంది. అంతఃకేంద్రిత ఇనుములో 727 డిగ్రీల దగ్గర కరిగేది అత్యధికంగా 0.022 శాతమే. దాదాపు వందో వంతు.

ఎందుకిలా? ఖాళీ మొత్తం ఎంతన్నది ఒక ప్రశ్న, ఒక్కో ఖాళీ ఎంత పెద్దదన్నది వేరే ప్రశ్న. కార్బన్ పరమాణువు కూర్చోవాలంటే దానికి ఒకచోట జాగా కావాలి. అంతఃకేంద్రిత అమరికలో ఖాళీలు చిన్నచిన్నవిగా చెదిరి ఉంటాయి. అతిపెద్ద ఖాళీలో పట్టే గోళం వ్యాసార్థం ఇనుము పరమాణువు వ్యాసార్థంలో 0.29 వంతే. ముఖకేంద్రిత అమరికలో అది 0.41 వంతు. జ్యామితి తెలిసిన ఇంటర్ విద్యార్థి ఈ రెండు అంకెలనూ తెల్ల కాగితం మీద రాబట్టగలడు. రాబట్టాక వేడి చేసి నీళ్ళలో ముంచితే ఉక్కు ఎందుకు గట్టిపడుతుందన్న దానికి తలుపు తెరుచుకుంటుంది. వేడిలో పెద్ద ఖాళీల్లో స్థిమితంగా కూర్చున్న కార్బన్‌కు, ఒక్కసారిగా చల్లార్చినప్పుడు బయటికి పోయే వ్యవధి దొరకదు. ఇరుక్కుపోయి, చుట్టూ ఉన్న ఇనుము అమరికను సాగదీసి పట్టుకుంటుంది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తయారుచేసి పర్షియా దాకా పంపిన కమ్మరుల పనితనమంతా ఒకటి నుంచి రెండు శాతం మధ్య ఉండే ఈ కార్బన్‌ను ఎలా లొంగదీసుకోవాలన్న దాని చుట్టూ తిరిగింది. ఆ నేల పిల్లలకు 0.68, 0.74 అన్న రెండు అంకెలు బట్టీ పట్టించి, రెండు మార్కుల ప్రశ్నకు సరిపెట్టి పంపడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

మూడో ఉదాహరణ రైలు పట్టా. ఒకదానికొకటి వెల్డింగ్ చేసి స్లీపర్లకు బిగించిన కిలోమీటరు పొడవు పట్టా. మీటరుకు 60 కిలోల రకం. వేడి 30 డిగ్రీలు పెరిగింది. ఎంత బలం పుడుతుంది? పిల్లలు మొదట అడిగేది, ‘సార్, అడ్డుకోత వైశాల్యం ఇవ్వలేదు’. ఇవ్వనక్కర్లేదు, మీటరుకు 60 కిలోలని చెప్పాను కదా. ఉక్కు సాంద్రత ఘనమీటరుకు 7850 కిలోలు, భాగిస్తే 0.00764 చదరపు మీటర్లు మీ చేతిలో ఉంది. తర్వాత పొడవు పట్టుకుని వ్యాకోచం కడతారు: డిగ్రీకి పది లక్షల్లో 12 వంతుల చొప్పున 36 సెంటీమీటర్లు. కట్టాక ఆ 36తో ఏం చేయాలో తోచదు. పట్టా సాగలేదు కదా, బిగించి ఉంది కదా! సాగనివ్వకపోవడం వల్లే ప్రతిబలం పుట్టింది. వికృతిని యంగ్ గుణకం 200 గిగాపాస్కల్స్‌తో గుణిస్తే 72 మెగాపాస్కల్స్. దాన్ని వైశాల్యంతో గుణిస్తే దాదాపు 550 కిలోన్యూటన్లు, సుమారు 56 టన్నుల బరువు మోపినంత. పొడవు ఎక్కడా రాలేదు. కిలోమీటరైనా, పది కిలోమీటర్లైనా బలం అంతే. ఎండాకాలంలో రామగుండం, కొత్తగూడెం వైపు పట్టాలు వంకర పోకుండా గ్యాంగ్‌మన్లు ఎందుకు కాపు కాస్తారో ఈ లెక్క చేసినవాళ్ళకు తెలుస్తుంది. పొడవు ఎందుకు రాలేదో చెప్పగలిగిన విద్యార్థికి నేను పూర్తి మార్కులు వేస్తాను, చివరి గుణకారం తప్పినా సరే.

ఫోన్‌లో ఫొటో తీస్తే సొల్యూషన్ వచ్చేస్తున్న ఈ రోజుల్లో హోంవర్కు ఇవ్వడమే దండగ అనేవాళ్ళు కొత్తగా బయల్దేరారు. ఇది కొత్త సంగతేం కాదు, ఫోన్లకు ముందు గైడ్లుండేవి, సీనియర్ల నోట్సులుండేవి. సొల్యూషన్ చదువుతుంటే ప్రతి లైనూ అర్థమైనట్టే ఉంటుంది, ఎందుకంటే నిర్ణయాలన్నీ రాసినవాళ్ళు ముందే తీసుకుని పెట్టారు. పుస్తకం మూసి తెల్ల కాగితం ముందుకు రాగానే మొదటి లైను దగ్గరే ఆగిపోతారు. యాభై లెక్కలిచ్చి, జవాబు మాత్రమే అడిగితే ఫోన్ చూసి రాస్తారు, అది పిల్లల తప్పు ఎంత మాత్రమూ కాదు. ‘పొడవు ఎందుకు రాలేదో నీ మాటల్లో చెప్పు’ అని రేపు తరగతిలో లేచి నిలబడి చెప్పాల్సిన లెక్క ఒకటి ఇస్తే, ఫోన్ చూసినా మళ్ళీ తనకు తాను నచ్చజెప్పుకోక తప్పదు.

ఒక మాట నాకు కోపం తెప్పిస్తుంది. కాన్సెప్టులూ అవీ పట్నం పిల్లలకు, ఇంగ్లీషు మీడియం వాళ్ళకు. పల్లె నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళను ఫార్ములాలతో గట్టెక్కించడమే మేలు అంటారు, అదీ జాలి చూపిస్తున్నట్టు. ఈ మాట అనేవాళ్ళు ఆ పిల్లలను ఎన్నడూ దగ్గర నుంచి చూసి ఉండరు. వాలు మీద బస్తా ఎప్పుడు జారుతుందో, కప్పీ మీద తాడు వేసి లాగితే పని ఎందుకు సులువవుతుందో, కొలిమిలో కొడవలి ఏ రంగుకు వచ్చాక తీసి నీళ్ళలో ముంచాలో వాళ్ళు చూస్తూ పెరిగారు. బొమ్మ గీసి, నీ భాషలో చెప్పు అంటే తరగతిలో అందరికంటే ముందు కదిలేది వాళ్ళే. వాళ్ళకు రానిది గోడమీది ఫార్ములాల కాగితం. మనం ఆ కాగితాన్నే ఫిజిక్స్ అని పేరు పెట్టి, వాళ్ళకు ఫిజిక్స్ రాదని తీర్పు చెబుతున్నాం. పైగా, ఆలోచించి చేసే లెక్కకు ఖర్చు ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిలు. లావుపాటి మెటీరియల్, టెస్ట్ సిరీస్, క్రాష్ కోర్సు ఎవరి జేబులు ఖాళీ చేస్తున్నాయో వేరే చెప్పనక్కర్లేదు.

లెక్చరర్ మిత్రులకు ఒక విన్నపం. సిలబస్ మీ చేతిలో లేదు, పరీక్ష తేదీ మీ చేతిలో లేదు, మేనేజ్‌మెంట్ పెట్టే టెస్టుల లెక్క మీ చేతిలో లేదు. రేపు సాయంత్రం పిల్లలు ఇంటికి పట్టుకెళ్ళే లెక్కలు మాత్రం చాలావరకు మీ చేతిలోనే ఉన్నాయి. యాభై బదులు ఐదు ఇవ్వండి. వాటిలో ఒకదాంట్లో అక్కర్లేని అంకె ఒకటి పెట్టండి, ఇంకోదాంట్లో కావలసిన అంకె ఒకటి దాచండి. జవాబుకు సగం మార్కులు, బొమ్మకూ కారణానికీ మిగతా సగం వేయండి. నవ్వు పుట్టించే జవాబు రాసి డబ్బా గీసినవాళ్ళ మార్కులు కోసేయకండి. ఆ రాగి ముక్క ఎంత బరువుందో వాళ్ళనే లెక్కగట్టమనండి. తల్లిదండ్రులూ, ఈ ఆదివారం హాస్టల్‌కు ఫోన్ చేసినప్పుడు ఈ వారం ఎన్ని ప్రాబ్లమ్స్ అయ్యాయని అడగడం మానండి. చేసినవాటిలో ఒకటి చెప్పమని అడగండి. మీకు ఫిజిక్స్ రాకపోయినా ఫరవాలేదు, చెప్పనివ్వండి, అర్థం కాని చోట ‘అలా ఎందుకయింది?’ అని అడగండి, ఫోన్ పెట్టేయకుండా వినండి.